వెళ్లేటప్పుడు కుడి, వచ్చేటప్పుడు ఎడమ

కమాతా, టోక్యో
అక్టోబరు 12

తొకిజి అన్నయ్యకు,

ఇక్కడ వీధిలో చేమంతుల కుండీలు బయటపెట్టారు. పొద్దున్నే చలిగా ఉంటోంది. అక్కడ యైజు రేవులో గాలి ఇంకా ఎక్కువగా ఉంటుందేమో, మెడకి గుడ్డ చుట్టుకుని పనిలోకి వెళ్లు.

నిన్నో సంగతి అడగాలి, నవ్వకు. హనేదా నుంచి ఫుకువొకా వెళ్లే విమానంలో ఫుజి కొండ ఏ వైపు కనబడుతుంది? అక్కణ్ణుంచి తిరిగి వచ్చేటప్పుడు ఏ వైపు? రెండూ విడివిడిగా, ఖాయంగా రాయి. ఫిబ్రవరిలో మా మామగారి సంవత్సరీకానికి ఫుకువొకాలోని హకాతాకి వెళ్లాలి. టికెట్లు నేనే కొనాలని మా ఆయన అన్నారు. ఆయనకి కిటికీలోంచి ఫుజి కనబడి తీరాలి. ఎప్పుడు ఎక్కినా, ఏ సీటులో కూర్చున్నా, కొండ ఎంతసేపు కనబడిందీ అన్నీ ఒక పుస్తకంలో రాసుకుంటారు. ఆయన్నే అడగొచ్చు కదా అంటావు. అడగకూడదు.

జవాబు మా ఇంటికి రాయకు. ఇంటికొచ్చిన ఉత్తరాలన్నీ ముందు ఆయనే విప్పుతారు. మా సందు చివర టోఫు కొట్టు ఉంది. దాని యజమానురాలు ఒతొకు పిన్ని మంచి మనిషి. ఆవిడ పేరు మీద రాయి. నేను పొద్దున్నే టోఫుకి వెళ్లినప్పుడు ఇస్తుంది.

నీ చెల్లెలు
కినుయే

*

యైజు
అక్టోబరు 17

ఒసే కినుయే,

చేమంతులూ చలిగాలీ నాకు రాయడం రాదు. ఇక్కడ చేపల కంపు, పొగ. అదే రుతువు.

ఆరు నెలల తర్వాత ఉత్తరం రాసి కొండ ఏ వైపు అని అడుగుతావా? కాస్త బుర్ర పెట్టు. పడమటికి పోతుంటే కుడిచేతి వైపున్న కొండ, వెనక్కి తిరిగి తూర్పుకి వస్తుంటే ఏ చేతి వైపుంటుంది? కొండ నీతోపాటు గిరుక్కున తిరుగుతుందా? వెళ్లేటప్పుడు కుడి, వచ్చేటప్పుడు ఎడమ. చిన్నప్పుడు నాన్న పడవలో వంద సార్లు చూశావు కదే!

అయినా ఖాయంగా రాయమన్నావని షిజువొకా దాకా పోయి టికెట్ల కౌంటరులో అడిగాను. అక్కడ కళ్లద్దాల కుర్రాడు "మామూలుగా కుడేనండి. కానీ చలికాలం గాలుల్ని బట్టి ఒక్కోరోజు కొండకి ఉత్తరంగా తీసుకుపోతారు. అప్పుడు ఎడమ. అది పైలట్ ఇష్టం" అన్నాడు. ఖాయంగా చెప్పరా అని కౌంటరు మీదుగా మెడపట్టీ పట్టుకున్నా. పక్కవాళ్లు పోలీసుల్ని పిలుస్తామంటే వదిలేశా. కాబట్టి కుడి. నూటికి తొంభై కుడి.

ఇప్పుడు నేనడిగేది చెప్పు. నీ అక్షరాలు ఎప్పుడూ ముత్యాల్లా ఉండేవి. ఈ ఉత్తరంలో పంక్తులు కిందికి జారిపోయాయి. వాక్యం మధ్యలో కలం ఆగి సిరా ముద్ద కట్టింది. ఏం జరిగింది? దాచావంటే ఊరుకోను.

తొకిజి

*

కమాతా
నవంబరు 6

అన్నయ్యా,

ఒతొకు పిన్ని నీ ఉత్తరం టోఫు తొట్టి అడుగున దాచింది. అంచులు తడిసినా చదవగలిగాను.

దాచొద్దన్నావు కదా. చెప్తాను. కానీ చదివి కూర్చున్న చోటే కూర్చోవాలి.

సెప్టెంబరులో హకాతాకి సమాధుల దర్శనానికి వెళ్లాం. అప్పుడూ టికెట్లు నేనే కొన్నాను. వెళ్లేటప్పుడు కుడివైపు. కొండ బాగా కనబడింది, ఆయన సంతోషించారు, నాకు బిస్కెట్టు కూడా పెట్టారు. వచ్చేటప్పుడు కూడా అదే సీటు కొన్నాను. కుడివైపు బాగుంది కదా అనుకున్నాను. నువ్వన్నట్టు కొండ తిరగదు, మనమే తిరుగుతామని నాకు తట్టలేదు. విమానం నిండా ఎడమవైపు వాళ్లు "అబ్బ, అదిగో!" అంటున్నారు. మా కిటికీలో ఉత్త సముద్రం. ఆయన చిన్నగా నవ్వుతూ కూర్చున్నారు. ఎయిర్‌హోస్టెస్‌కి థాంక్స్ చెప్పారు. ట్యాక్సీవాడికి కూడా చెప్పారు. ఇంటికొచ్చి చెప్పులు విప్పి, వాటిని వరసగా సర్ది, అప్పుడు కొట్టారు.

"ముప్ఫై ఎనిమిదేళ్లొచ్చాయి, కుడీ ఎడమా తెలీదుటే నీకు? ఇదిగో ఇది ఎడమ. గుర్తుంటుందా? ఇది ఎడమ. ఇది ఎడమ." అలా ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. ఆయన కుడిచేయి నా ఎడమ చెవి మీదే పడుతూ వచ్చింది.

చెవిలోంచి రక్తం, తర్వాత వారం చీము. డాక్టరు దగ్గర మెట్లమీంచి పడ్డానని చెప్పాను. లోపలి పొర చిరిగి పాడైందట, ఇక ఆ చెవి వినబడదన్నాడు. పంక్తులు జారిపోతున్నది అందుకే, కొంచెం తూలుడుగా ఉంటుంది. ఎడమవైపు నుంచి ఎవరైనా పిలిస్తే పలకను. అలా పలకనందుకు మళ్లీ ఒకసారి పడ్డాయి.

ఇప్పుడు ఫిబ్రవరి టికెట్లు కూడా నన్నే కొనమన్నారు. "ఈసారి చూస్తా. తప్పావో, రెండోది కూడా పోతుంది" అన్నారు. అందుకే నిన్నడిగాను.

వదిలేసి రావచ్చు కదా అంటావు. ఎలా రాను? కింది వాటాలో అత్తగారు ఉంటుంది, గుమ్మం తలుపు చప్పుడైతే గడియారం చూస్తుంది. ఆయన ఆఫీసు నుంచి గంటకోసారి ఫోన్ చేస్తారు. మూడో మోతలోపు ఎత్తాలి. పొద్దున్న టోఫుకి పావుగంట సెలవు, అంతే.

కోపం తెచ్చుకోకు. నువ్వింకోసారి లోపలికెళ్తే నాకంటూ ఎవరూ మిగలరు.

కినుయే

*

యైజు
నవంబరు 10

కినుయే,

కూర్చున్న చోటే కూర్చోమన్నావు. కూర్చోలేదు. చేపలకి పొగబెట్టే కొట్టం తలుపు తన్నితే ఊడొచ్చింది. మేస్త్రీ అడ్డమొచ్చాడు, వాణ్ణి కూడా ఒకటి పీకాను. పాపం పెద్దాయన, ఏమీ తెలీదు. "ఏంట్రా తొకిజీ, మళ్లీ దయ్యం పట్టిందా?" అంటూ పెదవి తుడుచుకున్నాడు. తర్వాత కాళ్లు పట్టుకున్నాననుకో.

ఎంత మంచి బావగారే మనకి దొరికాడు! చెప్పులు వరసగా సర్ది కొట్టాడా? ట్యాక్సీవాడికి దణ్ణం పెట్టి వచ్చి కొట్టాడా? నేను తాగి కొట్టాను, వీధిలో కొట్టాను, నాకంటే పెద్దవాణ్ణి కొట్టాను, దవడ విరగ్గొట్టి మూడేళ్లు జైల్లో కూర్చున్నాను. ఆ మూడేళ్లలోనే నీ పెళ్లైంది. అన్న దూరపు సముద్రంలో సూరచేపల ఓడ మీదున్నాడని పెళ్లివారికి చెప్పారు. నేను విడుదలై వచ్చాక కూడా అదే అబద్ధం సాగించాం. జైలుకెళ్లిన బావమరిది ఉన్నాడని తెలిస్తే నిన్ను చులకన చేస్తారని. చూశావా, ఎంత గౌరవంగా చూసుకుంటున్నాడో!

నా దగ్గర సూరచేప తల నరికే కత్తి ఉంది. మూరెడు పొడుగు. నిన్న రాత్రి నూరాను. రోజుకి నాలుగు వందల తలలు నరుకుతాను, ఒక్కటీ రెండో వేటుదాకా రాదు. వాడి మొహం నేనెప్పుడూ చూడలేదు. చూస్తాను. ఈ నెలాఖరులోపు చూస్తాను.

నువ్వేమీ రాయకు. తలుపు గడియ పెట్టుకుని పడుకో.

తొకిజి

*

కమాతా
డిసెంబరు 3

అన్నయ్యా,

నీ చెయ్యి ఎలా ఉంది? పిన్ని రోజూ అదే అడుగుతోంది. అడుగుతూనే "ఇంకో గరిటె పోయాల్సింది వెధవకి" అంటోంది.

నువ్వొచ్చిన సంగతి మర్నాడు దాకా నాకు తెలీదు. పిన్ని చెప్పింది. కోటు లోపల కత్తి పెట్టుకుని, కొట్టు మూలన నిలబడి, వీధిలోకి చూస్తున్నావట. ఆయన అదే టైముకి స్టేషనుకి బయల్దేరి, ఎదురింటి ముసలాయనకి నడుం వంచి నమస్కారం చేసి, ఆయన చెత్త సంచి కూడా మోసుకెళ్లి మూలన పెట్టారట. నువ్వు కోటు గుండీ తీశావట.

"ఎవరయ్యా నువ్వు? టోఫు కావాలా?" అంటే "అక్కర్లేదు, తప్పుకో ముసల్దానా" అన్నావట.

"కినుయే అన్నవి కదూ? ఆ కనుబొమ్మలు చూస్తేనే తెలుస్తోంది. కత్తి లోపల పెట్టు."

"తప్పుకోమన్నానా!"

అప్పుడే పిన్ని మరుగుతున్న సోయాపాలు గరిటెడు తీసి నీ చేతి మీద కుమ్మరించింది. నువ్వు అరిచిన అరుపుకి ఆయన వీధి చివర్లో ఒకసారి వెనక్కి తిరిగి చూశారట. "ఏం లేదండీ బాబూ, పనివాడు చెయ్యి కాల్చుకున్నాడు!" అని పిన్ని కేకేసిందట. నువ్వు తొట్టి వెనక కూర్చుండిపోయావు కాబట్టి నీ మొహం ఆయనకి కనబడలేదు. దేవుడి దయ.

ఇప్పుడు నేను చెప్పేది విను. ఎప్పుడూ నువ్వే అరుస్తావు, ఈసారి నేనరుస్తాను. ఎవరడిగారు నిన్ను కత్తి తెమ్మని? నువ్వు ఆయన్ని నరికితే జనం ఎవర్ని చూసి జాలిపడతారు? చెత్త సంచి మోసిన పెద్దమనిషిని. పేపర్లో నీ పాత కథంతా వేస్తారు. నిన్ను మళ్లీ బయటికి వదలరు. నేను హంతకుడి చెల్లెల్నీ, చచ్చినవాడి పెళ్లాన్నీ అయి, ఆ ముసలామెతో కింది వాటాలో బతకాలి. అదా నువ్వు నాకు చేసే మేలు? ఆయన నా ఒక చెవి తీశారు. నువ్వు నా అన్నని తీసేస్తావా?

నాకో దారి దొరికింది. పిన్నీ నేనూ నెల రోజులుగా టోఫు కోస్తూ కోస్తూ ఆలోచించాం. పూర్తయ్యాక రాస్తాను. కానీ ముందు నువ్వు ఒట్టు పెట్టు. ఆయన మీద చెయ్యెత్తనని, అమ్మ పోయాక పేరు చెక్కించి పెట్టుకున్న పలక ముందు కూర్చుని, అగరొత్తి వెలిగించి, ఒట్టేసి రాయి. అదొచ్చేదాకా నేను ఏమీ చెప్పను.

కినుయే

*

యైజు
డిసెంబరు 11

కినుయే,

ఎడమచేత్తో రాస్తున్నా. నీ జారిపోయే పంక్తులకి నా కోడిగీతలు జత.

కుడిచెయ్యి మణికట్టు నుంచి వేళ్ల దాకా తోలు లేచిపోయింది. ఆ ముసల్ది గరిటెతో పోసిందా, బకెట్టుతో పోసిందా? పోశాక తనే చన్నీళ్లలో ముంచి, కట్టు కట్టి, తినమని వేడి టోఫు పెట్టింది. "ఏడవకు, నలభై నాలుగేళ్ల గాడిదవి" అంది. నేను ఏడ్చిన మాట నిజం. చెయ్యి మంటకి కాదు.

నీ ఉత్తరం నాలుగు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. "నా అన్నని తీసేస్తావా" అన్నావే, ఆ మాట గొంతులో ముల్లులా దిగింది. మింగలేను, కక్కలేను.

సరే. అమ్మ పలక ముందు కూర్చున్నాను. అగరొత్తి వెలిగించాను. నీ మొగుడు షిగెహారు అనే మనిషి మీద చెయ్యెత్తను. వాడు నన్ను కొట్టినా ఎత్తను. ఒట్టు.

ఇప్పుడు చెప్పు, ఏంటి నీ దారి? ఏ రోజు, ఏ విమానం, ఏ సీట్లు, అన్నీ రాయి. నాకు తెలిసుండాలి. లేకపోతే నిద్ర పట్టదు.

తొకిజి

*

కమాతా
జనవరి 28

అన్నయ్యా,

కొత్త సంవత్సరం సెలవులయ్యాక రెండో రోజు ఫోన్ నాలుగో మోతకి ఎత్తాను. వంటింట్లో ఎడమవైపు తిరిగి ఉన్నాను, వినబడలేదు. ఇంటికొచ్చాక ఆ రిసీవరుతోనే తల మీద కొట్టారు. కుట్లు పడలేదు, జుట్టు కింద కనబడదు. మర్నాడు మధ్యాహ్నమే నేను టికెట్ల కౌంటరుకి ఫోన్ చేశాను. అదే రిసీవరుతో.

ఫిబ్రవరి 11. పొద్దున్న తొమ్మిదింటి విమానం. అత్తగారు రెండ్రోజుల ముందే హకాతా వెళ్తుంది. నా నల్ల కిమోనో కూడా ఆవిడ పెట్టెలోనే పంపేస్తున్నాను. అంటే నా చేతిలో సంచి తప్ప సామాను ఉండదు. కింది వాటా ఖాళీ. ఆయన గాల్లో ఉన్నంతసేపూ ఫోన్ చెయ్యలేరు. ఏడేళ్లలో ఇలా రెండూ ఒకేసారి కుదరడం ఇదే మొదలు.

రెండు టికెట్లూ విడివిడిగా కొన్నాను. ఆయనకి 27 కె, కుడివైపు కిటికీ. "కుడివైపు కిటికీ ఒక్కటే మిగిలిందట, నాకు వెనకాల ఎడమవైపు 41 ఎ ఇచ్చారు" అని చెప్పాను. చెప్తూ గుడ్లు చిలుకుతున్నాను. కళ్లు గిన్నెలోంచి పైకెత్తలేదు.

"నువ్వెక్కడ కూర్చుంటే ఏంటి? కొండ నీకోసం ఉందా?" అన్నారు. నవ్వారు కూడా.

ఆయన ఎప్పుడూ అందరికంటే ముందు ఎక్కుతారు, కెమెరా సర్దుకోవాలి కదా. నేను బాత్రూముకి వెళ్లొస్తానంటాను. ఆయన ఎక్కాక గేటు దగ్గరమ్మాయితో "ఒంట్లో బాగాలేదు, ప్రయాణం మానేస్తున్నాను" అంటాను. వెనక్కి ఇంటికి. సంతకానికి బదులు వేసే నా ముద్ర, అమ్మ దువ్వెన, రెండు జతల బట్టలు. మధ్యాహ్నం రైలుకి ఒతొకు పిన్నికి చెల్లెలి వరసయ్యే ఆవిడ దగ్గరికి. వేడినీటి ఊట పక్కన చిన్న సత్రం నడుపుతుందట, పనిమనిషి కావాలట. ఊరి పేరు నీకు కూడా రాయను. నీకు కోపమొస్తే నోరు ఆగదు.

ఆయన ఫుకువొకాలో దిగి, నా కోసం చూసి, తిరుగు విమానం పట్టుకుని వచ్చేసరికి ఎంత లేదన్నా మూడు దాటుతుంది. సరిపోతుంది.

ఒక్కటే భయం. ఆ రోజు కొండ కుడివైపు కనబడాలి. కనబడినంతసేపూ ఆయన లేవరు. పైలట్ అటు వైపు నుంచి తీసుకుపోతే, ఎడమవైపు చూడ్డానికి నా సీటు దగ్గరికే వస్తారు. ఖాళీగా ఉంటుంది. అప్పటికి విమానం లేచిపోయి ఉంటుందిలే. అయినా భయం భయమే.

నువ్వు ఆ రోజు పనిలోకి వెళ్లు. మామూలుగా ఉండు. ఒట్టు గుర్తుంది కదా.

కినుయే

*

ఫుకువొకా, ఆసుపత్రి
ఫిబ్రవరి 13

కినుయే,

ఈ ఉత్తరం పిన్నికి పంపిస్తున్నా, నువ్వెక్కడున్నావో అక్కడికి పంపుతుంది. పైన ఊరి పేరు చూసి గుండె ఆగింది కదూ? ముందే చెప్తున్నా, నేనతన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు తీరిగ్గా చదువు.

నువ్వు 27 కె అని రాసిన ఉత్తరం అందిన రోజే నేను షిజువొకా వెళ్లి 27 జె కొన్నాను. అదే కళ్లద్దాల కుర్రాడు. నన్ను చూడగానే రెండడుగులు వెనక్కేశాడు.

ఎందుకు కొన్నానంటే నిజం చెప్తా, తిట్టుకో. విమానంలో ఏమీ చెయ్యను, దిగాక వాడి వెనకాలే నడిచి, మనుషుల్లేని చోటు చూసుకుని పని ముగిద్దామనుకున్నా. ఒట్టుకి "విమానం దిగాక" అనే మినహాయింపు నేనే పెట్టుకున్నా. అమ్మ పలకకి కూడా అబద్ధం చెప్పినవాణ్ణి నేను.

పక్కన కూర్చోగానే నవ్వుతూ తల వంచాడు. మంచి సెంటు వాసన. కెమెరా తుడుచుకుంటూ మొదలెట్టాడు.

"మొదటిసారా తమరు? అదృష్టవంతులు, సరైన వైపు కూర్చున్నారు. తెలీనివాళ్లు ఎడమవైపు కొంటారు."

"అలాగాండీ" అన్నా.

"మా ఆవిడ అటే ఉంది, వెనకాల. ఎన్నిసార్లు చెప్పినా కుడీ ఎడమా తలకెక్కదు. కొంతమందికి నోటితో చెప్తే ఎక్కదు లెండి."

నా చేతులు తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. తలుపులు మూశారు. విమానం కదిలింది. నువ్వు ఎక్కలేదని అప్పుడు నమ్మకం కుదిరింది.

పైకి లేచాక పావుగంట. వాడు కెమెరా కన్ను అద్దానికి ఆనించి ఉన్నాడు. అప్పుడు మైకులో పైలట్ గొంతు. ఈరోజు గాలుల వల్ల దారి మార్చాం, కాసేపట్లో ఎడమవైపు కిటికీల్లో ఫుజి కొండ బాగా కనబడుతుంది, అన్నాడు. ఎడమవైపంతా ఒక్కసారి "ఓహో" అంది.

వాడి మొహం చూడాల్సింది. నవ్వు అలాగే ఉంది, దవడ కదులుతోంది. చెప్పులు సర్దినప్పుడు ఇలాగే ఉండి ఉంటాడనుకున్నా. కెమెరా పట్టుకుని లేచాడు. "కాస్త జరగండి, మా ఆవిడ సీటు దగ్గరికి వెళ్లాలి."

నేను మోకాళ్లు తీయలేదు.

"వినబడలేదా? జరగండి."

"బెల్టు దీపం వెలుగుతోందండి. కూర్చోండి" అన్నా. గౌరవంగానే అన్నా కినుయే, నా నోటికి అంత గౌరవం వచ్చని నాకే తెలీదు.

"కొండ వెళ్లిపోతోంది, లేవరా!"

"కొండ ఎక్కడికీ పోదండి. మనమే పోతున్నాం."

అంతే. మోచెయ్యి ముక్కు మీద దిగింది. కటుక్కుమంది. నోట్లోకి రక్తం. రెండోది కెమెరాతో, కంటి పక్కన. మూడోది మళ్లీ ముక్కు మీదే. చుట్టూ ఆడవాళ్లు కెవ్వుమన్నారు. నా కుడిచెయ్యి తొడ కిందనుంచి తనంతట తనే బయటికొచ్చింది. పిడికిలి బిగించాను. పిన్ని కాల్చిన చోట కొత్త తోలు బిగుసుకుపోయి ఉంది, బిగిస్తే టప్పున పగిలింది. ఆ నొప్పికి గరిటె గుర్తొచ్చింది. నీ మాట గుర్తొచ్చింది. పిడికిలి విప్పి ఒళ్లో పెట్టుకున్నా. వాడు నాలుగోది కొట్టాడు. కొట్టనిచ్చాను. నా జన్మలో దెబ్బ తిని ఊరుకోవడం అదే మొదలు. కొట్టడం కంటే వందరెట్లు కష్టమే అది. ఏడేళ్లు ఎలా ఊరుకున్నావే తల్లీ!

ముగ్గురు పట్టుకుని వాణ్ణి ముందుకి లాక్కుపోయారు. "మా ఆవిడ్ని పిలవండి, 41 ఎ!" అని అరుస్తున్నాడు. ఒకమ్మాయి వెళ్లి చూసి వచ్చి "ఆ సీటులో ఎవరూ లేరండి, ఆవిడ ఎక్కనే లేదు" అంది. అప్పుడు అరుపు ఆగింది.

నన్ను కాస్త పడుకోబెట్టడానికి ఖాళీ సీటు వెతికి తీసుకెళ్లారు. ఖాళీగా ఉన్నది నీదే. ముక్కు మీద ఐసు పెట్టుకుని నీ కిటికీలోంచి చూశాను. కొండ వెనక్కి పోతోంది. మన రేవు నుంచి కనబడే ముఖం కాదు, వీపు. నిండా మంచు.

ఫుకువొకాలో తలుపు దగ్గరే పోలీసులు. ఆఫీసరు నా పాత కాగితాలు తెప్పించి చూసి, "నువ్వు తిరిగి కొట్టలేదా?" అన్నాడు. లేదన్నాను. "ఇవి చదివితే నమ్మబుద్ధి కావట్లేదయ్యా" అన్నాడు. నలభై మంది చూశారు కాబట్టి నమ్మాడు. అతను నీకేమవుతాడు అంటే పక్క సీటువాడన్నాను.

వాడు ఒకసారి ఇంటికి ఫోన్ చేసుకుంటానని పోలీసుల్ని బతిమాలి చేశాడు. వచ్చాక మొహంలో నెత్తురు లేదు. తర్వాత నా ముందు మోకరిల్లి నుదురు నేలకి ఆనించాడు. ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం పోతుందట, రాజీ కుదుర్చుకుందామట. నా కాళ్ల దగ్గర వాడి మెడ. నున్నగా క్షవరం చేయించుకున్న మెడ. రోజుకి నాలుగు వందలు, గుర్తుందా? టీ ఇచ్చారు, నెమ్మదిగా తాగాను. ఇంకో కప్పు అడిగాను. "ముక్కు నొప్పిగా ఉందండి, ఆలోచించి రేపు చెప్తాను" అన్నాను. వాణ్ణి రాత్రంతా లోపల కూర్చోబెట్టారు. మర్నాడు ఫిర్యాదు మీద సంతకం పెట్టాను, రాజీ లేదు. నేనెవరో వాడికి చెప్పలేదు, నా పేరు కూడా చెప్పొద్దని ఆఫీసర్ని అడిగాను. చెప్పాలని నాలుక పీకేసింది, కానీ చెప్తే నీ జాడ నా దగ్గర వెతుకుతాడు.

ముక్కు ఎడమవైపు వంగిపోయింది. సరిచెయ్యొచ్చట. వద్దన్నాను.

నీకు టైము సరిపోయిందా? వాడు ఫోన్ చేసేసరికి వెళ్లిపోయావు కదా?

తొకిజి

*

ఊరి పేరు రాయను
మార్చి 2

అన్నయ్యా,

ఇక్కడ ఇంకా మంచు కురుస్తోంది. కప్పు మీదనుంచి రోజూ తోడి పారేస్తున్నాం. చేతులు పగిలాయి. ఆకలి బాగా వేస్తోంది.

నీ ఉత్తరం చదివి మొదట నిన్ను తిట్టాను. ఒట్టుకి మినహాయింపులా? సిగ్గులేదూ? తర్వాత చాలాసేపు ఏడ్చాను. సత్రం యజమానురాలు వచ్చి "ఎవరైనా పోయారా?" అంది. లేదు, మా అన్న దెబ్బలు తిన్నాడని చెప్పాను. అలా చెప్తుంటే నవ్వొచ్చింది. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

టైము సరిపోయిందా అన్నావు. నీతో అబద్ధం చెప్పను. పదింటికే ఇంటికొచ్చాను. ముద్ర తీసుకున్నాను, దువ్వెన తీసుకున్నాను, బట్టలు మూట కట్టుకున్నాను. అంతా అరగంట పని. తర్వాత ఎందుకో కదల్లేకపోయాను. ఫోన్ పక్కన నేల మీద కూర్చుండిపోయాను. ఏడేళ్లు దానికి దూరంగా వెళ్లని కాళ్లు కదా. అది మోగకుండా నేను వెళ్లిపోతే తర్వాత మోగుతుంది, మూడు మోతలు దాటతాయి, ఎత్తలేదని కొడతారు. ఇదీ నా బుర్రలో తిరుగుతున్నది. ఇక ఎప్పటికీ కొట్టలేరని నా ఒంటికి తెలీలేదు.

పన్నెండవుతుండగా మోగింది. ఒకటి. రెండు. చెయ్యి తనంతట తనే వెళ్లి ఎత్తేసింది.

అప్పుడు, అన్నయ్యా, దాన్ని ఎడమ చెవికి పెట్టుకున్నాను.

ఆయన అరిచే ఉంటారు. రిసీవరు నా చేతిలో సన్నగా అదురుతోంది. నాకు ఒక్క మాట వినబడలేదు. ఎదురుగా కిటికీలో ఎండ బాగా ఉంది, ఎవరింట్లోనో దుప్పట్లు దులుపుతున్నారు, ఆ చప్పుడు కుడిచెవికి వినబడింది. కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. అదరడం ఆగింది. ఆయన జవాబు కోసం చూస్తున్నారని అర్థమైంది.

రిసీవరు పెట్టెయ్యలేదు. టేబుల్ మీద పక్కకి పడుకోబెట్టి, చెప్పులేసుకుని, తలుపు తీసే ఉంచి వచ్చేశాను.

మంచు కరిగాక నువ్వు రా. ఊరి పేరు పిన్నిని అడుగు. రైల్లో ఎడమవైపు కూర్చో, దారి పొడుగునా సముద్రం ఉంటుంది. మనూళ్లో ఉన్నట్టే ఉంటుంది.

కినుయే